ఎవరు ముందు పలికారు

ముందే ఒప్పేసుకుంటాను. మీరు సోఫాలో వాలిపోయి వరసగా మూడో ఎపిసోడ్ చూస్తుంటారు. కథ మంచి పట్టు మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే తెర మీదికి ఒక నల్ల డబ్బా వచ్చి "ఇంకా చూస్తున్నారా?" అని అడుగుతుంది కదా, అది నా పనే. ఆ ఆలోచన నాది కాదు లెండి, అంత పాపం మూటగట్టుకోలేదు. ఎవరిని ఎన్ని నిమిషాలకు అడగాలో లెక్క తేల్చేది మా టీం. అందుకోసం మనుషుల్ని వయసుల వారీగా బుట్టల్లో వేస్తాం. కుర్రకారుకు మూడు నాలుగు బుట్టలున్నాయి. అరవై దాటినవాళ్ళందరికీ కలిపి ఒకటే. మా దగ్గర అరవై ఒకటికీ తొంభైకీ తేడా లేదు. ఆ బుట్టలోవాళ్ళు చాలామంది మా ప్రశ్నకు జవాబే చెప్పరు, నిద్రపోయి ఉంటారు. ఇదంతా నాకు అంకెల్లోనే తెలుసు. మనుషుల్లో చూసింది మాత్రం ఆ వేసవిలోనే.

మా నాన్న రైలు డ్రైవరు. కొన్నాళ్ళు సరుకు బళ్ళు, తర్వాత ప్రయాణికుల బళ్ళు, మొత్తం ముప్పై ఏడేళ్ళు నడిపి ఆ ఏడు ఎండలు ముదురుతుండగా రిటైరయ్యాడు. అదే నెలలో మా ఆఫీసు ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మారుతూ, రెండు నెలలు ఎవరింట్లో వాళ్ళు పని చేసుకోమంది. నేను లాప్‌టాప్ చంకన పెట్టుకుని అమ్మావాళ్ళింటికి వచ్చి పడ్డాను. భోజనాల బల్లకు ఒక చివర నా ఆఫీసు. అక్కడ కూర్చుంటే హాల్లో టీవీ, దాని ముందు కుర్చీ, గోడవారగా అమ్మ కుట్టు మిషను, మూడూ కనిపిస్తాయి.

అమ్మ ఇంట్లోనే బట్టలు సరిచేసి ఇస్తుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు వదులు చేయడం, జిప్పులు మార్చడం. మా వీధి మొత్తం ఏటా ఎంత లావెక్కుతోందో ఆమెకు సెంటీమీటర్లలో తెలుసు, ఎవరికీ చెప్పదు. పొద్దున్నుంచి ఆడే మిషను మధ్యాహ్నం రెండింటికి ఆగుతుంది. రెండు నుంచి నాలుగు అమ్మది. కాళ్ళు స్టూలు మీద చాపుకుని వరసగా రెండు సీరియళ్ళు చూస్తుంది. మొదటిదాంట్లో కథానాయికకు ఇప్పటికి మూడుసార్లు మతి పోయి మూడుసార్లు తిరిగొచ్చింది. ఆ రెండు గంటల్లో ఇంటికి ఎవరొచ్చినా, కావలసిన మంచినీళ్ళు వాళ్ళే తెచ్చుకుని తాగాలి. నా చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఇదొక్కటే చట్టం.

రిటైరైన మొదటి వారం నాన్నకు కూర్చోవడం రాలేదు. గడియారం చూసి దిగ్గున లేచేవాడు, చొక్కా తొడుక్కుని గుమ్మం దాకా వెళ్ళేవాడు, అక్కడ ఏం గుర్తొచ్చేదో వెనక్కి వచ్చేవాడు. చూడలేక నేనే టీవీకి ఇంటర్నెట్ తగిలించి రిమోట్ చేతిలో పెట్టాను. టీవీ కూడా డ్యూటీలాగే చూశాడు. ఇస్త్రీ చొక్కా, బెల్టు, కుర్చీకి ఆనని వీపు. నా నల్ల డబ్బా ఎంతసేపటికొస్తుందో మూడోరోజుకల్లా వాచీ పెట్టి కనిపెట్టేశాడు. ఆ వేళకు బొటనవేలు బటన్ మీద సిద్ధంగా ఉంచి, డబ్బా రావడం ఆలస్యం, నొక్కేసేవాడు.

ఆ తొందర ఎందుకని అడిగితే చెప్పాడు. ఇంజిన్లో ఇలాంటిదే ఒక బటన్ ఉంటుందట. నిమిషానికోసారి దీపం వెలుగుతుంది, వెంటనే నొక్కాలి. నొక్కలేదంటే మనిషి పడిపోయాడనుకుని బండి తనంతట తానే బ్రేకులు వేసుకుంటుంది.

"నీది నయం," అన్నాడు. "గంటన్నర ఊరుకుంటుంది."

తర్వాత చేసిన పొరపాటు మాత్రం పూర్తిగా నాదే. ఎవరో పుణ్యాత్ములు ఇంజిన్ ముందద్దానికి కెమెరా బిగించి, మూడేసి గంటల ప్రయాణాన్ని ఎక్కడా కత్తిరించకుండా ఇంటర్నెట్‌లో పెడుతుంటారు. మాట ఉండదు, పాట ఉండదు. పట్టాలు, స్తంభాలు, సొరంగాలు, అంతే. మా ఆఫీసులో వీటిని జోలపాటల సరుకు అంటాం. నాన్నకు ఒకటి పెట్టి చూపించాను. ఆయనకు ఉన్న నిద్ర కూడా ఎగిరిపోయింది.

దూరంగా సిగ్నల్ కనపడగానే "గ్రీన్" అన్నాడు, గట్టిగా. అని ఆగాడు. తర్వాతి సిగ్నల్‌కు "ఎల్లో" అని మళ్ళీ ఆగాడు. ఎవరికోసం ఆగుతున్నాడో మాకు అర్థం కాలేదు. అడిగితే తెలిసింది, ఇంజిన్లో ఎప్పుడూ ఇద్దరుంటారట. డ్రైవరు సిగ్నల్ చూసి రంగు పలకాలి. పక్కనున్న అసిస్టెంటు కూడా తన కళ్ళతో చూసి, తిరిగి పలకాలి. ఒక్కడే అంటే అన్నట్టు కాదు. ముప్పై ఏడేళ్ళు జవాబు వినడం అలవాటైన మనిషి, ఇప్పుడు జవాబు లేక నోట్లో మాట పట్టుకుని కూర్చున్నాడు.

ఆ పోరు పడలేక అమ్మ కుట్టు మీంచి తలెత్తకుండానే "ఎల్లో" అంది.

"చూసి చెప్పు," అన్నాడు నాన్న. "చూడకుండా పలికేవాడితోనే ప్రమాదం."

అలా అమ్మ అసిస్టెంటయింది. పొద్దున పూట మిషను మోతలో ఆయనకు ఆమె గొంతు వినపడదు. మిషను ఆగేది రెండింటికి. కాబట్టి నాన్న బండి రెండింటికే బయల్దేరేది. అమ్మ సీరియళ్ళు వంటింటి గట్టు మీదికి మారాయి. ఫోనును పోపుల డబ్బాకు ఆనించి నిలబెట్టి, రాత్రి అంట్లు తోముకుంటూ చూసేది.

"ఇంత చిన్న తెరలో ఏడిస్తే ఏడ్చినట్టే లేదే," అంది నాతో.

రెండో వారంలో గార్డు బాబాయి వచ్చాడు. ఇరవై ఏళ్ళు నాన్న నడిపిన బళ్ళలోనే చివరి పెట్టెలో తిరిగినవాడు. ఇద్దరి మధ్యా ఎప్పుడూ అర కిలోమీటరు దూరం ఉండబట్టే స్నేహం నిలిచిందని అమ్మ అంటుంది. ఇప్పుడు డిపో ఆఫీసులో కూర్చుంటున్నాడు. కబురు ఏమిటంటే, కొత్త డ్రైవర్లు చాలామంది చేరుతున్నారు, వాళ్ళ పక్కన కూర్చుని నేర్పడానికి రిటైరైనవాళ్ళలో కొందరిని రెండేళ్ళపాటు తీసుకుంటారట. బొమ్మ ఇంజిన్లో కాదు, జనం ఎక్కే బండిలోనే. కొత్తవాడు చూడని సిగ్నల్ పెద్దాయన చూడాలి. అందుకని ముందొక పరీక్ష పెడతారు. చీకటి గదిలో దీపం వెలుగుతుంది, సెకను లోపల రంగు పలకాలి. నలభై సార్లు. రెండు తప్పితే ఫరవాలేదు, మూడోది తప్పితే ఇంటికే. ఇంకా ఆరు వారాల టైముంది.

"ఏం వదినా, మళ్ళీ తీసుకుపొమ్మంటావా ఈయన్ని?" అన్నాడు బాబాయి.

"ఇవాళే అయితే అన్నం డబ్బా కట్టేస్తాను," అంది అమ్మ.

సాయంత్రం చూస్తే, నాన్న గుమ్మంలో పాత పేపరు పరుచుకుని డ్యూటీ బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఆ పని ఆయనకు ఎంత కావాలో మాకు వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఆ మర్నాటి నుంచి టీవీ కాలక్షేపం కాదు, సాధన. రోజూ రెండు గంటలు, కొన్నిరోజులు మూడు. నేను మీటింగుల్లో ఉంటూ ఒక చెవితో ఆఫీసు మాటలు, ఇంకో చెవితో హాల్లో గొంతులు వినేదాన్ని. ముందు లావుగొంతు, వెనక సన్నగొంతు. గ్రీన్, గ్రీన్. ఎల్లో, ఎల్లో. కొన్నాళ్ళకు అది ఫ్యాను మోతలా అయిపోయి వినపడడమే మానేసింది. మూడో వారం దాటాక ఒక మధ్యాహ్నం ఏదో తేడా కొట్టింది. ఏమిటో చాలాసేపు తెలియలేదు. హెడ్‌ఫోన్ తీసేసి విన్నాను. సన్నగొంతు ముందు వస్తోంది. లావుగొంతు వెనక.

నా వృత్తి బుద్ధి ఊరుకోదు కదా, కాయితం తీసుకుని లెక్కపెట్టాను. ఆ మధ్యాహ్నం మొత్తం నలభై ఒక్క సిగ్నళ్ళు. అందులో ముప్పై మూడు అమ్మే ముందు పలికింది. పైకి పలికినట్టు కూడా కాదు, పంటికింద దారం కొరుకుతూ తనలో తాను అనుకున్నట్టు అనేది. ఆ వెంటనే నాన్న గట్టిగా, డ్రైవరు గొంతుతో అనేవాడు. తానే ముందు అన్నానని ఆయనకు పూర్తి నమ్మకం. ముఖం చూస్తేనే తెలిసిపోయేది.

సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి, నువ్వు ముందు పలుకుతున్నావు అన్నాను అమ్మతో.

"నీకు ఇప్పుడు తెలిసిందా," అంది గిన్నె తుడుస్తూ.

రెండు వారాలుగా జరుగుతోందట. మొదటిసారి ఎప్పట్లాగే ఆయన అన్నాక అందామని ఆగింది. సిగ్నల్ దగ్గరికొచ్చి, పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆయన నిద్రపోలేదు, దాన్నే చూస్తున్నాడు. వెళ్ళిపోయాక అన్నాడు. అలిసిపోయాడేమో అనుకుంది. తర్వాత మూడింటికొకటి అలా అవుతుంటే, కళ్ళజోడు కోసం తడుముకుంటున్న మనిషి చేతి దగ్గరికి దాన్ని కాస్త జరిపినట్టు, ఆ మాటను కాస్త ముందుకు జరిపింది. జబ్బేమీ లేదు. రిటైరయ్యేముందు చేసిన కంటి పరీక్షలు, చెవి పరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయి. చూడ్డానికీ చెప్పడానికీ మధ్య ఎక్కడో కొంచెం ఎడం వచ్చింది, అంతే.

"పరీక్షలో నువ్వు పక్కనుండవమ్మా."

"ఉండను."

"ఒకవేళ పాసైనా బండిలో ఉండవు."

అమ్మ తువ్వాలు నాలుగు మడతలు పెట్టింది. "రెండేళ్ళపాటు పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే పని. నా రెండు గంటలు నాకొస్తాయనుకున్నాను. దాచడం దేనికి," అంది. దాన్ని గట్టు మీద పెట్టి, "అందులో జనం ఎక్కుతారు. అదీ అనుకున్నాను," అంది.

నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకున్నాం. ఆయన ఆమె మొగుడు కాబట్టి ఆమే చెప్పాలన్నాను. లెక్కలు కట్టేదాన్ని నేను కాబట్టి నన్నే చెప్పమంది. ఊళ్ళోవాళ్ళందరినీ మెలకువగా ఉన్నారా అని అడుగుతావు కదా, మీ నాన్ననీ అడగరాదూ అని ఒక పోటు కూడా పొడిచింది. పది రోజులు ఇద్దరం నోరెత్తలేదు. ఈలోగా నాన్న జుట్టు కత్తిరించుకొచ్చాడు, డ్యూటీ చొక్కా భుజాలు పట్టేస్తున్నాయని అమ్మ చేత వదులు చేయించుకున్నాడు.

పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులున్నాయనగా, ఒక మధ్యాహ్నం వాన వీడియో పెట్టుకున్నాడు. కొత్తది, అంతకుముందు చూడని లైను. అద్దం మీద వైపరు అటూ ఇటూ ఆడుతోంది. మొదటి సిగ్నల్ దూరంగా వానలో పచ్చగా మసకమసకగా కనపడింది. హాల్లో ఏ గొంతూ రాలేదు. నేను తలెత్తి చూశాను. అమ్మ ఎప్పట్లాగే మిషను ముందు కూర్చుని టీవీ వైపే చూస్తోంది. పెదాల మధ్య గుండుసూదులు, ఏడో ఎనిమిదో. అంచులు మడిచేటప్పుడు అలా పెట్టుకుంటుంది. అప్పుడు ఆమెను ఎవరు ఏమడిగినా జవాబు రాదు.

సిగ్నల్ దగ్గరికొచ్చింది. స్తంభం తెర అంచు దాటి వెళ్ళిపోయింది.

"గ్రీన్," అన్నాడు నాన్న.

తర్వాతిది ఎల్లో. అదీ వెళ్ళిపోయాకే అన్నాడు. ఆ తర్వాతిదానికి కొంచెం ముందున్నాడు, నాలుగోదానికి మళ్ళీ వెనకపడ్డాడు. రిమోట్‌తో పది సెకన్లు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. మళ్ళీ తిప్పాడు. అప్పుడు అమ్మ వైపు తిరిగాడు. ఆమె ఆయన్నే చూస్తోంది. నేను గమనించింది ఒక్కటే. అమ్మ ఒళ్ళో గుడ్డ లేదు. మిషను మీదా లేదు. గుచ్చడానికి అక్కడ ఏమీ లేదు.

"సూదులు తియ్యకు," అన్నాడు నాన్న. టీవీ వైపు తిరిగి ఇంకో నలభై నిమిషాలు చూశాడు. గదిలో ఆయన గొంతొక్కటే వినపడింది. ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా.

వీడియో ఆపేసి, టైము కొలిచేదేమైనా ఉందా అని నన్నడిగాడు. అది నాకు ఐదు నిమిషాల పని. తెర మీద ఎప్పుడు వస్తుందో తెలియకుండా ఒక రంగు చుక్క వస్తుంది, రంగు పలకగానే నేను మీట నొక్కుతాను. నలభై సార్లు చేశాం. సెకను లోపల పలికినవి ఇరవై తొమ్మిది. మిగతావి ఒకటిన్నర, ఒకటీ ముప్పావు. అంకెలు ఉన్నవి ఉన్నట్టు చదివాను. ఆయనా అలాగే విన్నాడు. నీదెంతో కూడా చూడు అన్నాడు నాతో. చూశాం. తర్వాత అమ్మ వంతు. సూదులు పెదాల మధ్య ఉండగా పలకడం కుదరదు కాబట్టి వేలు చూపిస్తే చాలన్నాడు. అమ్మ నన్ను కూడా ఓడించింది.

"అయితే మీ అమ్మని పంపిద్దాం," అన్నాడు నాన్న. నవ్వలేదు, అలాగని బాధగానూ అనలేదు.

లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. మామూలు వేగంలో బండి, తను ఆలస్యం చేసే ఆ ముప్పావు సెకనులో ఇరవై మీటర్లు పోతుందని చెప్పాడు. ఇక్కణ్ణుంచి ఎదురింటి మెట్ల దాకా అన్నమాట. ఆ మెట్ల మీద ఎదురింటావిడ కూర్చుని గోళ్ళు తీసుకుంటోంది. కాసేపు అటే చూసి లోపలికొచ్చాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు అమ్మని.

అమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. అన్నీ అయ్యాక, "నెలవుతోంది," అంది.

"అసిస్టెంటు ముందు పలకకూడదు. రూలు."

"తెలుసు."

అంతే. ఇంతకంటే ఏమైనా అనుకుంటారని నేను ఎదురుచూశాను. అమ్మ వెళ్ళి టీ పెట్టింది. నాన్న గార్డు బాబాయికి ఫోన్ చేసి, జాబితాలో తన పేరు కొట్టెయ్యమన్నాడు. అటునుంచి బాబాయి ఏదో గట్టిగా వాదిస్తున్నట్టుంది, చాలాసేపు విన్నాడు. ఒంట్లో బాగానే ఉందన్నాడు, వదిన వద్దనలేదన్నాడు. చివరికి, "నలభైలో పదకొండు తప్పాయి. నువ్వయితే ఎక్కుతావా ఆ బండి?" అన్నాడు.

మర్నాడు రెండింటికి మిషను ఆగగానే నాన్న రిమోట్ తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టి, చొక్కా తొడుక్కుని బయటికెళ్ళాడు. ఎక్కడికో చెప్పలేదు. అమ్మ స్టూలు జరుపుకుని కాళ్ళు చాపుకుంది. నెలన్నర తర్వాత పెద్ద తెర మీద తన మనుషుల్ని చూసింది. కథానాయికకు ఈలోగా నాలుగోసారి మతి పోయింది.

నాలుగైంది, రాలేదు. ఫోను చూస్తే ఇంట్లోనే, ఛార్జింగులో ఉంది. ఐదైంది. అమ్మ ఒక ప్యాంటు అంచు మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పింది. పార్కులో చూసి రమ్మని నన్ను పంపింది, అక్కడ లేడు. ఐదూ నలభైకి వచ్చాడు. జుట్టు ఒకవైపు అణిగిపోయి, చెంప మీద గీత పడి ఉంది.

స్టేషనుకు వెళ్ళి, నాలుగో స్టేషను దాకా టికెట్ కొనుక్కుని తన పాత లైనులోనే బండెక్కాడట. రెండో పెట్టె, కిటికీ పక్క సీటు. ఇంజిన్లోంచి ఎదురుగా పట్టాలే చూడాలి కాబట్టి, ముప్పై ఏడేళ్ళలో పక్కలకు ఏముందో ఎన్నడూ చూడలేదన్నాడు. మూడో స్టేషను దాటగానే ఒక స్కూలుంది, నీలం రంగు గోడలు. ఇప్పుడు కట్టింది కాదు, చాలా పాతది. ఇంకాస్త దూరంలో ఎవరో మేడ మీద గొడుగు వేసుకుని, దాని కింద టీవీ పెట్టుకుని చూస్తున్నాడట. ఏం చూస్తున్నాడో కనపడలేదు. రేపు ఎదురు సీట్లో కూర్చుంటే కనపడొచ్చన్నాడు.

"నాలుగో స్టేషన్లో దిగి తిరిగొస్తే నాలుగింటికి ఇంట్లో ఉండాలి కదా," అంది అమ్మ.

నాన్న బూట్లు విప్పుకుంటూ, "దాటిపోయింది. నిద్ర పట్టేసింది," అన్నాడు. "చివరి స్టేషన్లో ఎవరో లేపారు."

"మీకా. బండిలో."

"నాకే."

అమ్మ ఆయన వైపు చాలాసేపు చూసింది. తర్వాత మిషను వైపు తిరిగి, విప్పిన అంచును నాలుగోసారి మడతపెట్టింది.

"రేపు పక్కవాళ్ళకి చెప్పుకోండి, లేపమని," అంది.

"చెప్తా," అన్నాడు నాన్న.

ఇదీ మా ఇంటి సంగతి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మీ ఇంట్లో ఎవరివి? పని మానేసిన మనిషి ఇంట్లో కుదురుకోవడానికి ఎన్నాళ్ళు పట్టింది, ఆ జాగా ఇవ్వడానికి ఎవరు ఎంత జరిగారు? కింద రాయండి. పెద్దదైనా ఫరవాలేదు, నింపాదిగా చదువుతాను. మధ్యలో ఏ డబ్బా అడ్డురాదు, నాదీ హామీ.